వాయులీన శిల్పి స్ట్రాడివారి

సంగీత సభలకు వెళ్లినవారందరును గాయకుని ప్రక్కన కూర్చుండి వాయులీనము వాయించు విద్వాంసుని చూచియే యుందురు. ఈ వాద్యమునే మనవారు ఫిడేలు అని కూడ పిలుచుదురు. ఇది పశ్చిమ దేశములలో పుట్టినను, రెండు శతాబ్దములుగా మన కర్ణాటక సంగీతమున కలిసిపోయి మన వాద్యమే అయినది. ద్వారం వేంకటస్వామి నాయుడుగారు విజయనగరమున ఈ వాద్యమునకే తమ జీవితమును అంకితము చేసి ఆంధ్రులకు కీర్తి తెచ్చిరి. వాద్యమును వాయించిన విద్వాంసులను లోకము స్మరించును. వాద్యమును చేసిన శిల్పిని మాత్రము సాధారణముగా మరచిపోవును.

అట్లు మరపునకు లోనుగాక నిలిచిన శిల్పి ఒకడు కలడు. అతడు ఇటలీ దేశస్థుడగు ఆంటోనియో స్ట్రాడివారి. అతడు చేసిన వాయులీనము ఒకటి 2011 సంవత్సరమున 98 లక్షల పౌనులకు అమ్ముడుపోయినది. అయితే అతని పేరుగల చీటి అంటించిన వాయులీనములు ప్రపంచమున వేలకొలది కలవు. వానిలో చాల భాగమునకు సామాన్యమైన ధర తప్ప మరేమియు పలుకదు. ఆకారము ఒక్కటే, లోపలి పేరు ఒక్కటే. ధరలో మాత్రము భూమ్యాకాశముల అంతరము. ఇందుకు కారణమేమి? స్ట్రాడివారి జీవితమును, అతని మరణానంతరము అతని వాద్యములకు పట్టిన గతిని తెలిసికొన్నచో ఈ ప్రశ్నకు సమాధానము లభించును.

ఇటలీ దేశపు ఉత్తర భాగమున పో నది ప్రవహించు మైదానములో క్రెమోనా అను చిన్న నగరము కలదు. 16వ శతాబ్దిలో ఆంద్రేయా అమాతి అను శిల్పి అక్కడ వాయులీన నిర్మాణమునకు పునాది వేసెను. అతని కుమారులును, మనుమడును ఆ విద్యనే అవలంబించిరి. తండ్రి నుండి కుమారునికి సంక్రమించు ఈ కులవిద్యను అన్యులకు నేర్పవలసిన అవసరము వారికి చాలకాలము కలుగలేదు. కాని, 1630లో ఆ ప్రాంతమున భయంకరమైన మహామారి వ్యాపించెను. ఆంద్రేయా కుమారుడగు గిరొలామో దానికి బలియయ్యెను. అతని కుమారుడు నికొలో అమాతి ఒక్కడే ఆ విద్యకు వారసుడుగా మిగిలెను. పని ఎక్కువయి, చేతులు తక్కువైనందున నికొలో తన కుటుంబమునకు చెందనివారిని కూడ శిష్యులుగా చేర్చుకొనుట ప్రారంభించెను. ఒక విపత్తు మూసియున్న తలుపును తెరచినది.

స్ట్రాడివారి సుమారు 1644లో జన్మించెనని చరిత్రకారులు అంచనా వేసిరి. అతని జననమును తెలుపు పత్రమేదియు లభింపలేదు. వృద్ధాప్యమున అతడు తన వాద్యముల లోపల అంటించిన చీటీలపై తన వయస్సును స్వయముగా వ్రాసికొనెను. ఆ అంకెలను బట్టియే అతని పుట్టిన సంవత్సరమును లెక్కకట్టిరి. 1666 సంవత్సరము గల ఒక చీటిలో అతడు తన్ను నికొలో అమాతి శిష్యునిగా పేర్కొనెను. అప్పటికి అతడు ఇరువది రెండేండ్ల యువకుడు. మరుసటి సంవత్సరమే ఫ్రాంచెస్కా అను స్త్రీని వివాహమాడెను. 1680లో సంత దొమెనికో దేవాలయమునకు ఎదుట 7,000 లీరాలకు ఒక ఇల్లు కొనెను. అప్పటి నుండి మరణము వరకు, అనగా ఏబదియేడు సంవత్సరములు, ఆ యింటనే నివసించి, ఆ యింటనే పనిచేసెను.

వాయులీనమును చేయుట సామాన్యమైన వడ్రంగము కాదు. చిన్నవి పెద్దవి కలిపి దానిలో సుమారు డెబ్బది భాగములుండును. ముందరి పలకకు స్ప్రూసు అను దేవదారు జాతి చెట్టు కలపను, వెనుక పలకకు, ప్రక్కలకు మేపుల్ అను గట్టి కలపను వాడుదురు. చలి ప్రాంతముల కొండలపై మెల్లగా పెరిగిన స్ప్రూసు కలప తేలికగాను, బిగువుగాను ఉండి, తీగెల కంపనమును చక్కగా గ్రహించును. ఆ కలపను ఉలితోను, చిత్రికతోను చెక్కి, మధ్య ఉబ్బెత్తుగా ఉండునట్లు పలకను తయారుచేయవలెను. ఆ పలక మందము రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే. కొంచెము ఎక్కువ మందమున్నచో నాదము మూగపోవును. కొంచెము పలుచనైనచో పలక తీగెల బిగువును తట్టుకొనలేదు. భాగములన్నిటిని జంతుచర్మముల నుండి కాచిన బంకతో అతికి, పైన వార్నిషు పూసి, పలుమారులు ఆరబెట్టవలెను. ఈ పనిలో తొందర పనికిరాదు. స్ట్రాడివారి వాడిన కొయ్య అచ్చులు, కాగితపు నమూనాలు, పనిముట్లు కొన్ని నేటికిని క్రెమోనాలోని వాయులీన ప్రదర్శనశాలలో భద్రముగా ఉన్నవి. వానిని చూచినవారికి అతడు ఎంత నిశితమైన కొలతలతో పనిచేసెనో బోధపడును.

నికొలో అమాతి 1684లో మరణించెను. అంతవరకు స్ట్రాడివారి వాద్యములు చాలవరకు అమాతి పద్ధతినే అనుసరించెను. సామాన్యుడైనచో గురువు చూపిన బాటలోనే నడచి తృప్తి చెందియుండును. స్ట్రాడివారికి ఆ తృప్తి కలుగలేదు. 1690 ప్రాంతమున అతడు కొంచెము పొడవుగాను, సన్నముగాను ఉండు క్రొత్త వాయులీనమును రూపొందించి, కొన్ని సంవత్సరములు దానినే పరీక్షించెను. అందలి గుణములను గ్రహించి, లోపములను వదలి, 1700 ప్రాంతమున మరల పూర్వపు పొడవునకు వచ్చెను. కాని, పలకల ఉబ్బును తగ్గించి, వానిని కొంచెము చదునుగా చేసెను. 1700 మొదలు సుమారు 1720 వరకు అతడు చేసిన వాద్యములను నిపుణులు అన్నింటికంటె శ్రేష్ఠమైనవిగా ఎంచుదురు. అప్పుడతని వయస్సు ఏబదియారు మొదలు డెబ్బదియారు వరకు! లోకులు విశ్రాంతి కోరు వయస్సులో అతడు తన విద్య శిఖరమును అందుకొనెను.

రాజులును, ప్రభువులును అతని వాద్యములను కోరి చేయించుకొనిరి. 1690లో టస్కనీ రాజకుమారునికై అతడు ఒక వాద్యసముదాయమును చేసి యిచ్చెను. మొదటి భార్య 1698లో మరణింపగా, మరుసటి సంవత్సరము అతడు రెండవ వివాహము చేసికొనెను. అతని కుమారులలో ఫ్రాంచెస్కో, ఒమొబోనో అను ఇరువురు తండ్రి ప్రక్కన కూర్చుండి పనిచేసిరి. అతని ఐశ్వర్యము క్రెమోనా ప్రజల నోట సామెతగా మారెను. అయినను అతడు ఉలిని విడువలేదు. తొంబది యేండ్లు దాటిన పిమ్మట చేసిన వాద్యములలో చేతివణకు జాడలు కనిపించును. పనియందలి శ్రద్ధ మాత్రము తగ్గలేదు. 1737 డిసెంబరు 18వ తేదీన స్ట్రాడివారి కన్నుమూసెను. తన జీవితకాలమున అతడు చేసిన వాద్యములు 1,100కు పైగా ఉండునని అంచనా. వానిలో సుమారు 650 నేటికిని నిలిచియున్నవి.

అతని దేహమును ఇంటి ఎదుటి దేవాలయములోనే సమాధి చేసిరి. 1869లో ఆ దేవాలయమును పడగొట్టినప్పుడు అస్థికలు చెల్లాచెదరైపోయెను. ఆ మహాశిల్పి ఎముకలు ఎక్కడ కలిసిపోయినవో ఎవరికిని తెలియదు. అతని చేతిపని మాత్రము నిలిచినది.

అతడు మరణించిన వెంటనే అతని వాద్యముల ధర ఆకాశమునంటెనని మీరు తలంతురేమో! అట్లు జరుగలేదు. 18వ శతాబ్దిలో చాలకాలము అమాతి వాద్యములకును, టిరోల్ దేశపు శిల్పియగు జాకబ్ స్టైనర్ వాద్యములకును ఎక్కువ గిరాకి ఉండెను. వాని పలకలు మిక్కిలి ఉబ్బెత్తుగా ఉండుటచే స్వరము తీయగా, మృదువుగా పలికెడిది. రాజభవనముల చిన్న గదులలో ఆ నాదము చాలును. కాలక్రమమున సంగీతము రాజభవనములు దాటి, వందలకొలది ప్రజలు కూర్చుండు పెద్ద సభాశాలలకు వచ్చెను. అక్కడ చివరి వరుసవారికి కూడ వినిపించు నాదము కావలసివచ్చెను. 1782లో వియొత్తి అను ఇటలీ విద్వాంసుడు పారిస్ నగరమున కచేరీలు చేసి శ్రోతలను ఆశ్చర్యచకితులను చేసెను. అతడు వాయించినది స్ట్రాడివారి వాయులీనము. చదునైన పలకల నుండి వెలువడిన గంభీరనాదము ఎంత దూరము వ్యాపింపగలదో అప్పుడు లోకమునకు తెలిసినది. స్ట్రాడివారి మరణించిన నలువదియైదు సంవత్సరములకు అతని కృషికి తగిన కాలము వచ్చినది.

ఈలోపల క్రెమోనాలో స్ట్రాడివారి కర్మశాల మూతపడెను. తండ్రి పోయిన ఐదారేండ్లలోనే ఫ్రాంచెస్కో, ఒమొబోనో ఇరువురును మరణించిరి. మిగిలిన వాద్యములును, పనిముట్లును వస్త్రవ్యాపారియగు పావొలో అను కుమారుని వశమయ్యెను. అతడు 1775 ప్రాంతమున వానిని కోజియో అను యువ ప్రభువునకు విక్రయించెను. కోజియో వాయులీనములను సేకరించుటతో తృప్తి చెందలేదు. ఒక్కొక్క వాద్యమును కొలిచి, దాని వార్నిషు రంగును, చెక్కడపు తీరును, చీటిని పరిశీలించి పుస్తకములలో వ్రాసిపెట్టెను. వాయులీనములను శాస్త్రీయముగా పరీక్షించు పద్ధతికి అతడే మార్గదర్శకుడు.

కోజియో వద్ద కొన్ని వాద్యములను కొన్నవాడు లూయిజీ తారిసియో. అతడు ప్రభువు కాడు. వడ్రంగపు పని తెలిసిన సామాన్యుడు. ఇటలీ పల్లెలలో తిరుగుచు, రైతుల యిండ్లలోను, మఠములలోను మూలపడియున్న పాత వాయులీనములను వెదకి కొనుచుండెను. చీటి చిరిగిపోయినను, తీగెలు తెగిపోయినను, చెక్కడపు తీరును చూచి ఏది ఎవరి చేతిపనియో గుర్తింపగల నేర్పు అతనికి అలవడెను. వానిని పారిస్ నగరమునకు తీసికొనిపోయి వర్తకులకు అమ్మెడివాడు. తన వద్ద మచ్చలేని స్ట్రాడివారి వాయులీనము ఒకటి కలదని అతడు తరచుగా చెప్పెడివాడు గాని, ఎన్నడును దానిని తేలేదు. యూదులు ఎదురుచూచు మెస్సయా వలె అది ఎప్పుడును రాదేమో యని పారిస్‌లోని ఒక విద్వాంసుడు పరిహాసమాడెను. ఆ వాయులీనమునకు మెస్సయా అను పేరే స్థిరపడెను.

తారిసియో 1854లో మిలాన్ నగరమున ఒంటరిగా మరణించెను. ఆ వార్త విన్నంతనే వ్యుయోమ్ అను పారిస్ శిల్పి ఇటలీకి పరుగెత్తి, సుమారు 80,000 ఫ్రాంకులకు అతని వాద్యములన్నిటిని బంధువుల వద్ద కొనెను. అవి నూటికి పైగా ఉండెను. ఇరువదికి పైగా స్ట్రాడివారి చేతివి. 1716 సంవత్సరపు మెస్సయా కూడ వానిలో కలదు. చేసిన కాలమున ఎట్లుండెనో దాదాపు అట్లే యున్న ఆ వాద్యము నేడు ఇంగ్లండు దేశమున ఆక్స్‌ఫర్డులోని ఆష్మోలియన్ ప్రదర్శనశాలలో ఉన్నది.

స్ట్రాడివారి కీర్తి పెరిగినకొలది అతని పేరును వాడుకొనువారును పెరిగిరి. 19వ శతాబ్దిలో జర్మనీ దేశపు మార్క్‌న్యూకిర్షెన్, ఫ్రాన్సు దేశపు మిర్‌కూర్ మొదలగు ఊళ్లలో వాయులీనములను పెద్దయెత్తున తయారుచేసి ప్రపంచమంతట అమ్మిరి. స్ట్రాడివారి నమూనాను అనుసరించినవని తెలుపుటకు వానిలో అతని పేరుగల చీటీలను అంటించిరి. కొన్నవారికి అవి నకళ్లని తెలియును. తరములు గడచిన పిమ్మట మనుమలు అటకపై ఆ పెట్టెను తెరచి, చీటి చదివి, తమకు నిధి లభించినదని సంబరపడుదురు. అప్పులు తీరునని, ఇల్లు కట్టుకొనవచ్చునని కలలు కందురు. నిపుణుని మాటతో ఆ కలలు కరిగిపోవును. పేరు గొప్ప, ఊరు దిబ్బ అను సామెత అట్టివానికే తగును.

కొన్నిచోట్ల చీటియే తన గుట్టును బయటపెట్టును. విదేశపు సరకులపై ఆ దేశపు పేరు ముద్రింపవలెనని అమెరికా 1890లో శాసనము చేసెను. కావున స్ట్రాడివారి పేరు క్రింద జర్మనీ అను మాట ఆంగ్లమున కనిపించినచో అది ఆ శాసనము తరువాత చేసినదే యని చెప్పవచ్చును. జపాను పింగాణి పాత్రల కాలమును గుర్తించుటకును ఇట్టి ముద్రలే తోడ్పడును. మొదట వానిపై నిప్పన్ అని ఉండెడిది. 1921 నుండి జపాన్ అను ఆంగ్లనామమునే వ్రాయవలసివచ్చెను. ఆ జపాను దేశముననే నగోయా నగరమున సుజుకి మసాకిచి అను వాద్యశిల్పి 1880 తరువాతి దశాబ్దిలో వాయులీనములు చేయ నారంభించి, గొప్ప కర్మాగారమును స్థాపించెను. అతడు తన వాద్యములలో తన పేరుతో, తన ఊరి పేరుతో చీటీలు అంటించెను. అవి స్ట్రాడివారి వాద్యముల వలె వెలలేనివి కాకపోయినను, ఉన్న విలువను ఉన్నట్లు చెప్పుకొన్నవి.

ఇక నిజమైన పరీక్ష ఎట్లు చేయుదురో చూతము. పరీక్షకుడు చీటిని నమ్మడు, కొయ్యను చదువును. నాదరంధ్రములు కోసిన తీరు, తలభాగమున చుట్టలు చెక్కిన విధము, అంచుల కలయిక, వార్నిషు స్వభావము మొదలగువానిని చూచును. ఇవి మనుష్యుని దస్తూరి వంటివి. తరువాత వాద్యము ఎవరెవరి చేతులు మారినదో తెలుపు పత్రములను పరిశీలించును. పగుళ్లెన్ని, మరమ్మతులెన్ని యని లెక్కించును. పెద్ద సభాశాలలకు తగినట్లుగా 19వ శతాబ్దిలో పాత వాయులీనముల మెడలను మార్చిరి. కనుక మెడ మారినంత మాత్రమున విలువ పోదు. పలక మార్చినచో మాత్రము విలువ చాల తగ్గును.

నేడు విజ్ఞానశాస్త్రము కూడ తోడ్పడుచున్నది. చెట్టు ఏటేట ఒక వలయము చొప్పున పెరుగును. వాతావరణము అనుకూలించిన యేట వలయము వెడల్పుగాను, లేని యేట సన్నముగాను ఉండును. ముందరి పలకపై కనిపించు ఈ గీతల వరుసను, కాలము తెలిసిన కలపల గీతలతో పోల్చి, చివరి వలయము ఏ సంవత్సరమునదో కనుగొందురు. అది 1737కు తరువాతిదైనచో ఆ పలక స్ట్రాడివారి చెక్కినది కానేరదు. ముందటిదైనచో అతనిదే యని రుజువు కాదు. అతనిది కావచ్చునని మాత్రమే తేలును. నకళ్లు చేయుటలో ఆరితేరిన వ్యుయోమ్ మెస్సయాను తానే చేసియుండునేమో యని 20వ శతాబ్ది చివర కొందరు సందేహించిరి. పరిశోధకులు దాని పలకను పరీక్షింపగా చివరి వలయము 1682 నాటిదని తేలెను. ఆ కలప స్ట్రాడివారి కాలమునకు సరిపోయినది.

ఇన్ని చెప్పినను ఒక సత్యమును దాచరాదు. 2012లో పారిస్ సమీపమున పదిమంది ప్రసిద్ధ విద్వాంసులకు కన్నులు సరిగా కనిపింపని అద్దములు పెట్టి, పాత ఇటలీ వాయులీనములను, క్రొత్తవానిని వాయింపజేసిరి. వారిలో ఎక్కువమంది క్రొత్తవానినే మెచ్చుకొనిరి. ఏది పాతదో, ఏది క్రొత్తదో నిశ్చయముగా చెప్పలేకపోయిరి. నేటి శిల్పులును శ్రద్ధతో పనిచేసినచో ఉత్తమమైన వాద్యములను చేయగలరని దీనివలన తెలియుచున్నది. స్ట్రాడివారి వాద్యముల ధరలో నాదము ఒక పాలు మాత్రమే. అరుదుదనము, చరిత్ర, ఆ మహాశిల్పి చేతిస్పర్శ మిగిలిన పాళ్లు.

మొదట చెప్పిన 98 లక్షల పౌనుల వాయులీనము 1721లో చేసినది. ఆంగ్లకవి బైరను మనుమరాలగు లేడీ బ్లంట్ వద్ద చాలకాలము ఉండుటచే దానికి ఆమె పేరే వచ్చినది. 1971లో అది 84,500 పౌనులకు అమ్ముడుపోయెను. తరువాత జపాను దేశపు నిప్పన్ సంగీత సంస్థ దానిని కొనెను. ఆ సంస్థ ఇట్టి వాద్యములను సేకరించి విద్వాంసులకు వాయించుటకై ఎరువు ఇచ్చుచుండును. 2011 మార్చి 11వ తేదీన జపానులో మహాభూకంపము సంభవించి, సముద్రము పొంగి, వేలమంది మరణించిరి. ఊళ్లకు ఊళ్లు కొట్టుకొనిపోయెను. ఆ సంస్థ తన వద్ద నున్న వాద్యములలో మిక్కిలి విలువైన లేడీ బ్లంట్‌ను ఆ జూన్ నెలలో వేలమునకు పెట్టి, వచ్చిన ధనమును బాధితుల సహాయమునకు ఇచ్చెను. వేలము వేసిన సంస్థ పేరు తారిసియో! పల్లెలలో పాత ఫిడేళ్లు ఏరుకొన్న ఆ వడ్రంగి పేరే అది.

క్రెమోనాలో ఒక వృద్ధుడు డెబ్బదియేడేండ్ల వయస్సున తన బల్ల ముందు కూర్చుండి, ఒక పలకను ఓపికగా చెక్కెను. ఆ పలక దాదాపు మూడు వందల యేండ్ల తరువాత తాను పేరు కూడ విననట్టి తీరములందలి నిరాశ్రయులకు ఉపకరించునని అతడు ఊహించియుండడు. కాగితపు చీటిపై ఎవరి పేరునైనను అచ్చువేయవచ్చును. కొయ్యలో దాగిన శ్రద్ధను మాత్రము ఎవరును అంటింపలేరు. మనము చేయు పనికి మన పేరు విలువ తేదు; మన పనియే మన పేరునకు విలువ తెచ్చును. ఈ సత్యమునకు స్ట్రాడివారి జీవితమే నిదర్శనము.